స్థూలకాయమునకు శస్త్రచికిత్స: ఎవరికి, ఎప్పుడు?



మన డెల్టా గ్రామములలో భోజనమునకు కూర్చున్న చుట్టము "ఇక చాలు" అని విస్తరిపై చేయి అడ్డము పెట్టినను, ఇల్లాలు మరియొక గరిటెడు వడ్డింపక విడువదు. పెట్టుటలో ప్రేమ యున్నది, కాదనుటలో మొగమాటమున్నది. ఈ రెండింటి నడుమ పెరిగిన బరువును దించుకొనుట ఎట్లని అడుగువారు నా వంటి సామాన్య వైద్యుని యొద్దకు నిత్యము వచ్చుచున్నారు. నేను శస్త్రవైద్యుడను కాను. తెనాలిలో చిరకాలముగా జ్వరములకు, మధుమేహమునకు, రక్తపుపోటునకు మందులు వ్రాయుచున్నవాడను. అయినను, "డాక్టరుగారూ, ఆపరేషను చేయించుకొంటే సన్నబడతారట, నిజమేనా?" అను ప్రశ్న మొట్టమొదట మా వంటివారి యొద్దకే వచ్చును. దానికి సమాధానము చెప్పు భారము మాపై నున్నది.

గడచిన సంవత్సరమున ఈ ప్రశ్నతో ముగ్గురు వచ్చిరి. ఒకరు తెనాలి వారు, ఒకరు బాపట్ల వారు, ఒకరు రేపల్లె వైపు వారు. ముగ్గురికి మూడు విధములయిన సమాధానములు చెప్పవలసివచ్చినది. వారిని ఎవరును గుర్తింపకుండునట్లు కొన్ని వివరములు మార్చి, ఆ మూడు కథలను ఆధారముగా చేసికొని నేటి విషయమును మనవి చేసెదను.

ముందుగా ఒక మాట. బరువు పెరుగుట సోమరితనమని, నోరు కట్టుకొనలేనితనమని లోకము అనుకొనుచున్నది. అది సగము కూడ నిజము కాదు. బాపట్ల పరిశోధనా క్షేత్రమున రూపొంది, 1986లో విడుదలయిన సాంబ మసూరి వరిని నేడు దక్షిణదేశమంతయు బి.పి.టి. బియ్యమను పేరుతో తినుచున్నది. అంతకుముందును మన పెద్దలు అన్నమే తినిరి, మూడు పూటల తినిరి. కాని నాట్లు, కోతలు, కుప్పనూర్పిళ్లు, కాలువగట్ల వెంట నడకలు ఆ అన్నమును కరిగించినవి. నేడు యంత్రము కోయుచున్నది, మోటారు సైకిలు నడచుచున్నది, మనము కూర్చుండి యున్నాము. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశపు స్త్రీలలో నూటికి 36 మంది అధిక బరువు కలవారని తేలినది. దేశము మొత్తము మీద ఆ సంఖ్య 24. ఇంతమంది ఒకేసారి సోమరులయిరనుట న్యాయము కాదు.

మరియొక సంగతి. ఒకసారి పెరిగిన బరువును శరీరము తన సొత్తు వలె కాపాడుకొనును. ఉపవాసములుండి పది కిలోలు తగ్గినవానికి ఆకలి పుట్టించు హార్మోనులు పెరుగును. శరీరము శక్తిని పొదుపుగా వాడుకొనుట మొదలిడును. కనుకనే చాలమంది తగ్గి, మరల పెరిగి, తమను తామే నిందించుకొందురు. బరువు మిక్కిలి ఎక్కువగా ఉన్నవారిలో ఈ పోరు మరింత కఠినము. శస్త్రచికిత్స పుట్టినది వీరి కొరకే.

ఎవరి బరువు ఎంత ఎక్కువయో తెలియుటకు ఒక సులభమయిన లెక్క కలదు. కిలోలలో బరువును, మీటరులలో ఎత్తుతో రెండుసార్లు భాగించవలెను. వచ్చిన సంఖ్యను వైద్యులు బి.ఎం.ఐ. అందురు. మన దేశీయులకు 23 దాటిన అధిక బరువు, 25 దాటిన స్థూలకాయము. పాశ్చాత్యులకు ఈ హద్దులు 25, 30. మనకు తక్కువగా ఎందుకు పెట్టిరనగా, తక్కువ బరువుననే మన పొట్టలో కొవ్వు చేరి మధుమేహము, గుండెజబ్బు మనలను పట్టుకొనుచున్నవి. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటరులు దాటినను జాగ్రత్తపడవలెను.

ఇక మొదటి కథ. తెనాలికి చెందిన ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చినది. అమ్మాయికి ఇరువది నాలుగేండ్లు. ఎత్తు 160 సెంటీమీటరులు, బరువు 66 కిలోలు. పెండ్లిచూపులలో రెండు సంబంధములు తప్పిపోయినవట. "నగలు తాకట్టు పెట్టియైనను ఆపరేషను చేయించెదము, ముహూర్తములలోగా సన్నబడవలెను" అని తల్లి. అమ్మాయి తల వంచుకొని కూర్చున్నది. లెక్క కట్టితిని: 26కు లోపుననే యున్నది. మధుమేహము లేదు, రక్తపుపోటు లేదు.

"అమ్మా, ఈ బిడ్డకు కావలసినది శస్త్రచికిత్స కాదు. ఏడెనిమిది కిలోలు తగ్గిన చాలును. అదియు ఆరోగ్యము కొరకు తగ్గవలెను, సంబంధము కొరకు కాదు" అంటిని. ఏ దేశపు వైద్యసంఘపు నియమము ప్రకారము చూచినను ఈ అమ్మాయి శస్త్రచికిత్సకు అర్హురాలు కాదు. ఆహారములో మార్పు, రోజుకు ముప్పావు గంట నడక, థైరాయిడు పరీక్ష చెప్పి పంపితిని. తల్లి అసంతృప్తితోనే వెళ్లినది. అమ్మాయి మాత్రము గుమ్మము దాటుచు వెనుదిరిగి నన్ను చూచి నవ్వినది.

ఈ తల్లి మనసులో ఉన్నది మరియొక చికిత్స కూడ కావచ్చును. చర్మము క్రింది కొవ్వును గొట్టముతో పీల్చివేయుదురు. దానిని లైపోసక్షన్ అందురు. 2015 జూన్‌లో చలనచిత్ర నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో చిన్న వయసుననే మరణించినప్పుడు, అంతకు కొన్ని వారముల ముందు ఆమె ఈ చికిత్స చేయించుకొన్నారని పత్రికలలో వచ్చినది. నాటినుండి బరువు తగ్గించు ఆపరేషను అనగనే మన వారికి ఆ వార్తయే జ్ఞప్తికి వచ్చును. కాని ఆ రెండును వేరు. కొవ్వు పీల్చుట ఆకృతిని దిద్దుట కొరకు. దానివలన మధుమేహము తగ్గదు, ఆకలి మారదు. నేను చెప్పబోవునది అన్నకోశమునకు, ప్రేవులకు చేయు శస్త్రచికిత్స.

దీని చరిత్ర డెబ్బది ఏండ్లది. 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో శస్త్రవైద్యులు చిన్నప్రేవులో చాల భాగమును దాటించి, తిన్నది ఒంటబట్టకుండ చేసిరి. బరువు తగ్గినది; కాని కాలేయము చెడుట, లవణములు పోవుట వంటి కీడులు కలుగుటచే ఆ పద్ధతిని కాలక్రమమున విడిచిపెట్టిరి. 1966లో అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను వైద్యుడు అన్నకోశమును చిన్నది చేసి ప్రేవునకు కలుపు బైపాస్ పద్ధతిని ఆరంభించెను. నేటి చికిత్సలకు అదియే మూలము.

ఇప్పుడు ముఖ్యముగా రెండు విధములు వాడుకలో నున్నవి. మొదటిది స్లీవ్. ఇందులో అన్నకోశమును నిలువున కోసి, సుమారు ముప్పాతిక భాగమును తీసివేసి, అరటికాయ ఆకారమున ఒక గొట్టమును మాత్రము మిగుల్చుదురు. తీసివేసిన భాగమునందే ఆకలి పుట్టించు గ్రెలిన్ అను హార్మోను ఎక్కువగా తయారగును గనుక ఆకలి కూడ తగ్గును. తీసినదానిని తిరిగి పెట్టుటకు వీలు లేదు. రెండవది బైపాస్. అన్నకోశపు పైభాగమున కోడిగ్రుడ్డంత సంచిని ఏర్పరచి, దానిని చిన్నప్రేవులో కొంత దిగువ భాగమునకు నేరుగా కలిపెదరు. ఆహారము పెద్ద అన్నకోశమును, ప్రేవు మొదటి భాగమును తాకక దాటిపోవును. ప్రేవులు విడుదల చేయు హార్మోనులు మారి, మధుమేహము చాలమందిలో త్వరగా అదుపునకు వచ్చును. రెండింటిని చిన్న రంధ్రముల ద్వారా, కెమెరా సాయముతో చేయుదురు. సాధారణముగా కొద్దిదినములలో ఇంటికి పంపుదురు.

రెండవ కథ ఇచ్చట వచ్చుచున్నది. బాపట్ల వైపు ఉపాధ్యాయులొకరు, నలుబది అయిదేండ్లవారు. ఎత్తు 165 సెంటీమీటరులు, బరువు 112 కిలోలు, బి.ఎం.ఐ. 41. పదేండ్లుగా మధుమేహము. రెండుపూటల ఇన్సులిను. రాత్రి గురక పెట్టుచు మధ్యమధ్య ఊపిరి ఆగిపోవుచుండగా ఆయన భార్య నిద్రమాని కనిపెట్టుకొని యుండునట. పగలు తరగతిలో నల్లబల్ల ఎదుటనే కునుకుపాట్లు. నాలుగుసార్లు బరువు తగ్గిరి. నాలుగుసార్లును మరల పెరిగిరి.

ఇట్టివారికి శస్త్రచికిత్స తగునా? 2009లో మన దేశపు వైద్యులు కూడి చేసిన నిర్ణయము ప్రకారము బి.ఎం.ఐ. 37.5 దాటినవారికిని, 32.5 దాటి మధుమేహము వంటి జబ్బు ఉన్నవారికిని యోచించవచ్చును. 2022లో అంతర్జాతీయ సంఘములు ఈ హద్దులను మరికొంత తగ్గించి, ఆసియావాసులకు 27.5 నుండియే ఆలోచింపవచ్చుననిరి. ఏ లెక్కను చూచినను మాస్టారు అర్హులే. "తగును, కాని తొందర వలదు, ముందు సంగతులన్నియు తెలిసికొనుడు" అంటిని.

ఆయనకు చెప్పిన లాభములను మీకును చెప్పెదను. సాధారణముగా ఒకటి రెండు సంవత్సరములలో మొత్తము బరువులో నాలుగవ వంతు నుండి మూడవ వంతునకు కొంచెము తక్కువగా తగ్గును. అనగా 112 కిలోల మాస్టారు 80 ప్రాంతమునకు రావచ్చును. ఆయన సన్నని మనిషి కారు. ఆరోగ్యవంతులగుటకు అవకాశము కలదు. తరువాతి ఏండ్లలో కొంత బరువు మరల పెరుగుట మామూలే. మధుమేహము సంగతి: అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 150 మందిపై జరిపిన పరిశోధన అయిదేండ్ల ఫలితములు 2017లో వెలువడినవి. మందులు మాత్రమే వాడినవారిలో నూటికి 5 మందికి, స్లీవ్ అయినవారిలో 23 మందికి, బైపాస్ అయినవారిలో 29 మందికి చక్కెర మిక్కిలి మంచి అదుపులో నున్నది. అనగా మందుల కంటె ఎంతో మేలు. అయినను అందరికిని జబ్బు పోదు. స్వీడన్ దేశమున 1987లో ఆరంభమయిన ఒక దీర్ఘపరిశీలనలో, శస్త్రచికిత్స అయినవారు కానివారి కంటె సగటున మూడేండ్లు ఎక్కువ జీవించిరని 2020లో ప్రకటించిరి.

ఇక కష్టములు. కుట్టు వేసినచోట కారుట, రక్తస్రావము, కాలిలో గడ్డకట్టిన రక్తము ఊపిరితిత్తులకు చేరుట, ఇవి మొదటి దినముల ప్రమాదములు. అనుభవము గల చోట్ల ప్రాణాపాయము వేయిమందిలో ఒకరికో, ఇద్దరు ముగ్గురికో కలుగవచ్చును. ఈ సంఖ్య చిన్నదే. కాని ఆ ఒక్కరి ఇంటికి అది చిన్నది కాదు. తరువాతి కాలమున పిత్తాశయములో రాళ్లు, స్లీవ్ అయినవారికి గుండెమంట, బైపాస్ అయినవారికి తీపి తిన్నంతనే కడుపునొప్పి, చెమటలు, గుండెదడ కలుగవచ్చును. బైపాస్ తరువాత మద్యము త్వరగా తలకెక్కును. త్రాగుడు అలవాటుగా మారు ప్రమాదము కూడ ఉన్నది. చర్మము వదులై వ్రేలాడును. విటమినుల లోపము జీవితాంతము వెన్నంటి యుండును.

మాస్టారి భార్య ఇదంతయు విని, నాకు ఇంతవరకు ఏ రోగియు వేయని ప్రశ్న వేసినది: "అయితే ఆ తరువాత నేనేమి వండిపెట్టాలండీ?" శస్త్రచికిత్స అయినవాని జీవితమంతయు ఆ ప్రశ్నలోనే యున్నది. మొదటి రెండు వారములు ద్రవములు మాత్రమే. తరువాత కొంతకాలము మెత్తగా నలిపినవి. ఆ తరువాత మామూలు ఆహారము, మిక్కిలి తక్కువగా, మిక్కిలి నెమ్మదిగా, బాగుగా నమలి తినవలెను. భోజనముతో నీరు త్రాగరాదు. మధ్యమధ్య గుటక గుటకగా త్రాగవలెను. మాంసకృత్తులు రోజుకు 60 గ్రాములకు తగ్గరాదు. పప్పు, గ్రుడ్డు, పెరుగు, నిజాంపట్నము రేవునుండి వచ్చు చేపలు, ఇవి ముందు తినవలెను. అన్నము తరువాత, రెండు ముద్దలు. ముద్ద కట్టు అన్నము మొదటి నెలలలో గొంతు దిగువ అడ్డుపడినట్లుండును. వడ్డించువారు కొసరి పెట్టుట మానవలెను. శస్త్రచికిత్స ఒకరికి జరిగినను వంటయిల్లు మారవలసినది ఇంటిల్లిపాదికిని.

ఆ దంపతులు రెండు నెలలు ఆలోచించిరి. ఇద్దరు శస్త్రవైద్యులను చూచిరి. ఆరోగ్యభీమా సంగతి విచారించిరి. 2019లో భీమా నియంత్రణ సంస్థ చేసిన నియమము ప్రకారము, పదునెనిమిదేండ్లు నిండి, బి.ఎం.ఐ. 40 దాటినవారికి, లేక 35 దాటి గుండెజబ్బు, తీవ్రమయిన నిద్రలో ఊపిరాగు జబ్బు, అదుపులేని మధుమేహము వంటివి ఉండి ఇతర మార్గములు ఫలింపనివారికి, వైద్యుని సలహాపై జరుగు ఈ చికిత్సను సౌందర్యమునకని త్రోసివేయరాదు. కాని పాలసీలోని గడువులు, షరతులు ముందుగా చదివించుకొనవలెను. చివరకు మాస్టారు బైపాస్ చేయించుకొనిరి. పది నెలలయినది. నేడు 84 కిలోలు. ఇన్సులిను ఆగినది, ఒక మాత్ర మిగిలినది. "రాత్రులు ఆమె నిద్రపోవుచున్నది" అని ఆయన నాతో చెప్పిరి. తన గురక తగ్గినదని మాత్రము చెప్పలేదు.

మూడవ కథ రేపల్లె వైపు ఒక గృహిణిది. ఆమె నా యొద్దకు వచ్చుటకు అయిదేండ్లు ముందే దూరపు పట్టణములో బైపాస్ చేయించుకొన్నది. ముప్పది ఎనిమిది కిలోలు తగ్గినది. ఇప్పుడు అరికాళ్లు తిమ్మిరి, నడిచిన తూలుట, ఆయాసము. రక్తము తక్కువ, పరీక్షలో బి12 విటమిను మిక్కిలి తక్కువ. "మాత్రలు వేసికొనుచున్నావా అమ్మా?" అని అడిగితిని. "రెండేండ్లు వేసుకొన్నానండీ. బాగానే ఉన్నాను కదా అని మానేశాను" అన్నది. ఇంటికి పంపునపుడిచ్చిన కాగితము తెప్పించి చూచితిని. జీవితాంతము వాడవలెనని అందులో వ్రాసియే యున్నది. కాని అది ఇంగ్లీషులో నున్నది. ఎవరును చదివి చెప్పలేదు. ఆమె దానిని మడిచి బీరువాలో చీరల క్రింద దాచినది.

సూదిమందులతో రక్తము పట్టినది, తూలు తగ్గినది. కాలివ్రేళ్ల తిమ్మిరి మాత్రము పూర్తిగా పోలేదు. ఇక పోవునను నమ్మకమును నాకు లేదు. అయినను, ఆపరేషను చేయించుకొన్నందుకు చింతించుచున్నావా అని అడుగగా ఆమె లేదన్నది. "మోకాళ్లనొప్పితో మంచం దిగలేని దాన్ని, పిల్లలను బడికి నడిపించుకుపోతున్నాను. ఆ కాగితం తెలుగులో ఉంటే బాగుండేది" అన్నది. ఈ మాటకు నా యొద్ద సమాధానము లేదు. అందుచేతనే ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని.

కావున శస్త్రచికిత్సకు సిద్ధమగువారు జ్ఞాపకముంచుకొనవలసినది ఇది. విటమినులు, ఇనుము, కాల్షియము, బి12 బ్రతికినన్నాళ్లు వైద్యుడు చెప్పినట్లు వాడవలెను. ఏడాదికొకసారియైనను రక్తపరీక్ష చేయించుకొనవలెను. స్త్రీలు మొదటి ఏడాది, ఏడాదిన్నర గర్భము ధరింపకుండ చూచుకొనవలెను. ఆగని వాంతులయినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను; బి1 విటమిను తగ్గిన మెదడునకు, నరములకు ముప్పు. మన ప్రాంతము వారు సాధారణముగా గుంటూరునకో విజయవాడకో హైదరాబాదునకో పోయి చేయించుకొందురు గనుక, తరువాతి పరీక్షలకు అంతదూరము ఏటేట పోగలమా అని ముందే ఆలోచించుకొనవలెను.

శస్త్రచికిత్స లేకుండ మందులతో తగ్గరాదా అని అడుగువారు కలరు. వారమునకొకసారి వేసికొను సూదిమందులు టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్ అనునవి బరువు తగ్గించుట కొరకు 2025లో మన దేశపు విపణిలోనికి వచ్చినవి. పరిశోధనలలో వీనివలన బరువు నూటికి పదునైదు, ఇరువది వంతుల వరకు తగ్గినది. మానివేసిన చాలమందిలో తిరిగి పెరుగును. ఇవియు వైద్యుని పర్యవేక్షణలోనే వాడదగినవి. ఇరుగుపొరుగు వారు వాడిరని తెచ్చుకొని పొడుచుకొనదగినవి కావు. కొందరికి శస్త్రచికిత్స కంటె ముందు ఈ దారి చూచుట మంచిది. బరువు మిక్కిలి ఎక్కువగా ఉన్నవారికి శస్త్రచికిత్స ఫలితమే నేటికిని పెద్దది.

నిర్ణయించుకొనుటకు పూర్వము శస్త్రవైద్యుని అయిదు ప్రశ్నలు అడుగుడు. నాకు ఏ పద్ధతి, ఎందుకు? మీరు ఇట్టివి ఎన్ని చేసినారు, ఎందరికి ఇబ్బంది కలిగినది? అర్ధరాత్రి కష్టము వచ్చిన ఎవరికి చెప్పవలెను? ఆహారము చెప్పువారు, మనసు చూచువారు మీ యొద్ద ఉన్నారా? అయిదేండ్ల తరువాత నన్ను ఎవరు చూచెదరు? ఈ ప్రశ్నలకు ఓపికగా, మీ భాషలో సమాధానము చెప్పని చోట సంతకము చేయకుడు. పెండ్లి కొరకును, పందెము కొరకును, ఫోనులో చూచిన ముందు వెనుకల ఫోటోల కొరకును చేయించుకొనకుడు. అట్లని, అవసరమున్నవారు సిగ్గుపడి మానుకొనుటయు తగదు. మధుమేహమునకు మందు వేసికొన్నవానిని ఎవరును నవ్వరు. ఇదియు అట్టి వైద్యమే.

చివరగా ఇంటివారికి ఒక విన్నపము. మీ ఇంట బరువు ఎక్కువగా ఉన్నవారుండిన, వారి పళ్లెము చూచి వేళాకోళమాడకుడు. చుట్టము చేయి అడ్డము పెట్టినపుడు గరిటెను వెనుకకు తీసికొనుడు. ఆసుపత్రి నుండి ఇచ్చిన కాగితము ఇంగ్లీషులో నుండిన, చదువగలవారి చేత చదివించి, ముఖ్యమయిన మాటలను తెలుగులో వ్రాయించి వంటయింటి గోడకు అంటింపుడు. బీరువాలో చీరల క్రింద దాచకుడు.